పెంపుడు కుందేలుకు ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఆవుకి, మేకకి, కోడికి ఏం మేపాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఇంట్లో పిల్లలు ముచ్చటపడి ఒక కుందేలు పిల్లను తెచ్చుకుంటే మాత్రం దానికి ఏం పెట్టాలో చాలా మందికి తెలియదు. "ఆకులు తినే జీవమే కదా, ఏదో ఒకటి వేస్తే సరిపోతుంది" అనుకుంటాం. అక్కడే ఇబ్బంది వస్తుంది. పెంపుడు కుందేళ్లకు వచ్చే పొట్ట జబ్బులు, పళ్ల జబ్బులు చాలావరకు మేత తేడా వల్లనే వస్తాయి. వీడియోలో చెప్పిన విషయాలను తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా దాని పొట్ట గురించి

ఆవుకి గడ్డి పులిసే సంచి ముందు భాగంలో ఉంటుంది. కుందేలుకి అది వెనక, పెద్దపేగు మొదట్లో ఉంటుంది. దాన్ని అంధనాళం అంటారు. అందులో కోట్లాది సూక్ష్మజీవులు ఉండి పీచును పులియబెడతాయి. మన నేలలో సూక్ష్మజీవులకు ఆచ్ఛాదన ఎలాగో, కుందేలు పొట్టలో సూక్ష్మజీవులకు పీచు అలాగ. పీచు తగ్గి, పిండి పదార్థాలు, తీపి ఎక్కువైతే మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. కుందేలు వాంతి చేసుకోలేదు. కాబట్టి లోపలికి పోయిన చెడు మేతను బయటికి పంపే దారి దానికి లేదు.

కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి గుండ్రంగా, గట్టిగా ఉండేవి. రెండోది మెత్తగా, ద్రాక్ష గుత్తిలా అంటుకుని ఉండేవి. ఈ మెత్తటి వాటిని ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున నేరుగా నోటితో తీసుకుని తినేస్తుంది. చూసి అసహ్యించుకోవద్దు, ఆపవద్దు. ఆవు నెమరు వేయడం ఎలాగో ఇదీ అంతే. సూక్ష్మజీవులు తయారుచేసిన బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి ఇలాగే అందుతాయి.

ఇంకో సంగతి, కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తటి మేత మాత్రమే పెడితే పళ్లు పెరిగి చెంపకి, నాలుకకి గుచ్చుకుంటాయి. అప్పుడు ఆకలి ఉన్నా తినలేదు.

రోజు మేత లెక్క

సుమారు 2 కిలోల బరువున్న, 6 నెలలు దాటిన కుందేలుకి ఇలా పెట్టుకోవచ్చు:

- ఎండుగడ్డి: దీనికి కొలత లేదు. రాత్రీ పగలూ దాని ముందు ఉండాల్సిందే. మొత్తం మేతలో నూటికి 80 వంతులు గడ్డే ఉండాలి.
- పచ్చి ఆకులు: రోజుకి 150 నుంచి 200 గ్రాములు. ఒకే రకం కాకుండా మూడు నాలుగు రకాలు కలిపి పెట్టాలి.
- దాణా గుళికలు: కిలో బరువుకి 25 గ్రాముల చొప్పున 50 గ్రాములు దాటకూడదు. గడ్డి, ఆకులు బాగా తింటుంటే ఇంకా తగ్గించవచ్చు.
- క్యారెట్, పండ్లు: ఒకటి రెండు చెంచాలంత ముక్క, అదీ వారానికి రెండు మూడు సార్లే. బొమ్మల్లో కుందేలు చేతిలో క్యారెట్ ఉంటుంది గానీ, అందులో తీపి ఎక్కువ. దుంప కన్నా క్యారెట్ ఆకే దానికి మంచిది.

మాంసం కోసం పెంచే ఫారాల్లో దాణా ఎక్కువ పెడతారు. వాళ్లకి కొద్ది నెలల్లో బరువు రావాలి. మనది ఏళ్ల తరబడి బతకాల్సిన పెంపుడు జీవం. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

మన గట్టు మీద దొరికేవి

గరికని మించిన మేత లేదు. పూత రాకముందే కోసి, నీడలో పలుచగా పరిచి, తిరగేస్తూ రెండు మూడు రోజులు ఆరబెట్టండి. పట్టుకుంటే గలగలమనాలి. తడి ఆరకుండా కట్ట కడితే బూజు పడుతుంది. బూజు వాసన వచ్చిన గడ్డిని కంపోస్టు గుంతలో వేయండి, కుందేలుకి వద్దు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న కూడా అంతే. వాటిలోని అఫ్లాటాక్సిన్ విషానికి కుందేలు త్వరగా లొంగిపోతుంది.

వరిగడ్డి పడకకి బాగుంటుంది. నమిలినా ఫరవాలేదు గానీ అందులో పోషకాలు తక్కువ, దాని మీదే ఉంచవద్దు.

పచ్చి మేతలో నేపియర్ లేత ఆకు, దశరథ గడ్డి, గడ్డి చేమంతి, చిలగడదుంప తీగ, మల్బరీ ఆకు, మందార ఆకు, కొత్తిమీర, పుదీనా మంచివి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అప్పుడప్పుడు నాలుగు ఆకులు చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎక్కువైతే గ్యాస్ పడుతుంది. లూసర్న్‌లో కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ. ఎదిగే పిల్లలకి, పాలిచ్చే తల్లికి మంచిదే. 6 నెలలు దాటాక తగ్గించాలి. కుందేలు ఎక్కువైన కాల్షియంని మూత్రంలో వదిలేస్తుంది. మూత్రం సున్నంలా చిక్కగా వస్తుంటే లూసర్న్ ఆపండి.

దశపర్ణి ఆకులు జాగ్రత్త

ఇది మన రైతులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు, లాంటానా ఆకుల్ని మనం కషాయానికి ఎందుకు వాడతాం? వాటిలో విషం ఉంది కాబట్టి. పురుగుని చంపే ఆ గుణమే కుందేలునీ చంపుతుంది. కషాయం కోసం కోసి తెచ్చిన ఆకులను కుందేలు గూడు దగ్గర కుప్ప పోయకండి.

అలాగే అగ్నిఅస్త్రంలో పొగాకు, మిర్చి, వెల్లుల్లి ఉంటాయి. సహజమైనది కదా అని అది కొట్టిన ఆకులను కుందేలుకి పెట్టవద్దు. ఏ కషాయమూ, జీవామృతమూ చల్లని ఒకటి రెండు మడులు దానికోసం విడిగా ఉంచుకోండి. పక్క పొలం వాళ్లు కలుపు మందు కొట్టే గట్టు మీద గడ్డి అసలు కోయవద్దు.

ఇవి కూడా పెట్టకూడదు: ఉల్లి, వెల్లుల్లి, టమాట ఆకు, బంగాళదుంప మొలకలు, అవకాడో, లేత జొన్న పైరు, చాక్లెట్, బిస్కెట్, అన్నం, చపాతీ, పాలు. సుబాబుల్‌లో మైమోసిన్ ఉంటుంది, అది ఎక్కువైతే బొచ్చు రాలిపోతుంది.

పిల్లలు, నీళ్లు, ఎండాకాలం

కొత్తగా తెచ్చిన పిల్లకి పాత చోట ఏం తిన్నదో అడిగి అదే పెట్టండి. కొత్త మేతను 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. ఏ కొత్త ఆకైనా మొదట రెండు ఆకులే వేసి, మర్నాడు పెంటికలు బాగుంటేనే పెంచండి.

నీళ్లు ఎప్పుడూ ఉండాలి. 2 కిలోల కుందేలు రోజుకి 100 నుంచి 300 మిల్లీలీటర్లు తాగుతుంది. మన ఎండలు దానికి పడవు, 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. వేసవిలో తెల్లవారుజామున, పొద్దు వాలాక మేత వేయండి. ఆకులను కడిగి ఆ తడితోనే పెట్టవచ్చు. మిగిలిన ఆకులను వాడిపోయి పులిసేదాకా ఉంచకుండా తీసేయాలి.

రోజూ పెంటికలు చూడండి

కుందేలుకి నొప్పి వచ్చినా బయటికి చెప్పుకోదు, మూలకి ముడుచుకుని కూర్చుంటుంది. దాని ఆరోగ్యం పెంటికల్లో కనిపిస్తుంది. శనగ గింజంత, ఒకే సైజులో, పొడిగా ఉంటే మేత సరిపోయినట్టు. చిన్నవిగా, వంకరగా ఉంటే గడ్డి తగ్గినట్టు. మెత్తటి గుత్తులు తినకుండా వదిలేస్తుంటే దాణా, తీపి ఎక్కువైనట్టు.

12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దాం అనుకోవద్దు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో మిగిలిన మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు నలిపి పోయవద్దు. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే పొట్టలోని మంచి సూక్ష్మజీవులు పోయి ప్రాణం మీదకి వస్తుంది.

మంచి మేత తిన్న కుందేలు పెంటికలు కూరగాయల మడికి మంచి ఎరువు కూడా. మొక్కల మొదట్లో వేసి ఆకులతో కప్పితే సరిపోతుంది. గడ్డి కోసే పని, పొద్దున్నే పెంటికలు చూసే పని పిల్లలకే అప్పజెప్పండి. కుందేలు బాగుంటుంది, ఏ ఆకు మంచిదో ఏది విషమో పిల్లలకీ తెలుస్తుంది.