మంగళం పాడాక

రాజమహేంద్రవరం,
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు.

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న అర్ధరాత్రి దాటాక నీ ఫోను మోగేసరికి నా గుండె గుభేలుమంది. "అయిపోయిందత్తా" అన్నావు. ఆ తరవాత చాలాసేపు నువ్వేమీ అనలేదు, నేనూ ఊరుకున్నాను. పదకొండేళ్ళు, నాలుగు పుస్తకాలు. చెరువు అడుగున మునిగిన ఆ కోట, పిట్టల భాష తెలిసిన ఆ అక్కాచెల్లెళ్ళు, రేవులో ఆ గుడ్డి పడవవాడు. వాళ్ళందరి తరఫునా నువ్వొక్కదానివే ఏడుస్తున్నావని అర్థమైంది.

నిన్న మళ్ళీ చేశావు. మీ ఆయన కేకు తెచ్చాడనీ, నీకు ముద్ద దిగలేదనీ చెప్పావు. ఆ వెంటనే, చివరి అధ్యాయం మళ్ళీ తెరిచాననీ, దాని తరవాత "పన్నెండేళ్ళకు" అని ఇంకొకటి రాయబోతున్నాననీ అన్నావు. దానికి ఫోనులో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఏడుపు సంగతి. ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు ఉంటుందిలే అని నీకు చాలామంది చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. అత్తారింటికి వెళ్ళిన పిల్ల సంక్రాంతికి వస్తుంది, అలుగుతుంది, అల్లుణ్ణి తెస్తుంది. వీళ్ళు రారు. నీకు పోయింది మనుషులు మాత్రమే కూడా కాదు. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, పదిన్నరకి భోజనాల బల్ల దగ్గర కూర్చునే ఆ రెండు గంటలు పోయాయి. కూర తరుగుతున్నా, సిగ్నల్ దగ్గర బండి ఆపినా నీ మనసు వెళ్ళి కూర్చునే అరుగొకటి ఉండేది. ఇప్పుడూ అలవాటుగా అక్కడికే వెళ్తుంది, తాళం వేసి ఉంటుంది. దానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది తల్లీ. తొందరపెట్టకు.

ఇంకొక దుఃఖం ఉంది. దాన్ని గురించి రాసేవాళ్ళు కూడా ఎక్కువగా మాట్లాడరు. ముగించనంత కాలం ఆ పుస్తకం నువ్వు ఎలా ఊహిస్తే అలా ఉండేది. పదకొండేళ్ళుగా నీ తలలో ఉన్న ముగింపు ఎంత గొప్పదో నాకు తెలీదు. కానీ కాగితం మీదికి వచ్చింది మాత్రం ఈ ఒక్కటే. ఇక ఇదే నీ పుస్తకం, ఇంకో పుస్తకం అవదు. నువ్వు మళ్ళీ ఫైలు తెరిచింది ఆ పడవవాడి కోసమా, లేక రాయకుండా మిగిలిపోయిన ఆ గొప్ప ముగింపు కోసమా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

నా సంగతొకటి చెబుతాను. మీ నాన్నకు కూడా సగమే తెలుసు. 1983లో ఒక వారపత్రికలో నా జానపద సీరియల్ వచ్చేది. మొత్తం 68 వారాలు. అందులో రాకుమారుడి కోసం పెట్టిన విషాన్ని ముసలి దాది తాగేస్తుంది. అది 50వ వారం. రాసిన రోజు నాకు కన్నీళ్ళు రాలేదు, రాయాల్సింది సరిగ్గా రాశానని తెలుసు. ఆ తరవాత నెల తిరక్కుండా మా అమ్మ, మీ నాయనమ్మ, పోయింది. సీరియల్ చివరి వారం వచ్చేసరికి ఆ దాది లేని కోటలో పట్టాభిషేకం నా చేత కాలేదు. ఒక మూలిక పుట్టించాను, దాదిని లేపాను, ఆవిడ చేతనే రాకుమారుడికి బొట్టు పెట్టించాను. సంపాదకుడు సంతోషించాడు. నేనూ ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

రెండు వారాలకి పోస్టుకార్డు వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. "దాది పోయిన వారం మా ఇంట్లో ఆ పూట ఎవరమూ అన్నం తినలేదండి. ఇప్పుడామె లేచి కూర్చుంటే, ఆ పూటని మేం ఏం చేసుకోవాలి?" అని అందులో ఉంది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తామని తరవాత ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు. మా అమ్మను లేపలేక దాదిని లేపాను. ఆ పని కథకు అక్కర్లేదు, నాకు కావలసి వచ్చింది.

అప్పటినుంచి ఏ పుస్తకం ముగించినా నన్ను నేను అడిగేది ఒకటే. ఇది దిద్దాల్సి వచ్చి తెరుస్తున్నానా, వదల్లేక తెరుస్తున్నానా? రెండూ చేతికి ఒకేలా తగులుతాయి, అదే కష్టం. నా అనుభవంలో నిజమైన దిద్దుబాటు పుస్తకం నడిమిన ఎక్కడో ఉంటుంది, అదీ ఎక్కువసార్లు కొట్టివేతే అవుతుంది. వదల్లేకపోవడం మాత్రం చివరి పేజీ తరవాతే మొలుస్తుంది. అందులో దీపం ఉంటుంది, భోజనం ఉంటుంది, పిల్లలుంటారు. ఎవరికీ ఏమీ జరగదు, అందరూ బాగుంటారు. నువ్వు ఫోనులో చెప్పిన అధ్యాయం ఒకసారి గుర్తుతెచ్చుకో. రేవులో పొద్దుగూకుతోంది, అక్క చేపల పులుసు వండుతోంది, చెల్లెలి కూతురు పడవవాడి గురించి అడుగుతోంది.

ఇలాంటి అధ్యాయం టోల్కీన్ కూడా రాశాడని నీకు తెలుసా? "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" 1937 డిసెంబరులో మొదలుపెట్టాడు. అచ్చులోకి వచ్చింది 1954, 55లలో. సామ్ ఇల్లు చేరడంతో మనం చదివే కథ అయిపోతుంది. దాని తరవాత, ఏళ్ళు గడిచాక సామ్ తన కూతురు ఎలనార్ అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పే ఘట్టం ఒకటి ఆయన రాశాడు. ఒకసారి కాదు, రెండు రకాలుగా. చదివినవాళ్ళు వద్దన్నారు, తీసేశాడు. ఆ వెలితి తనకు పోలేదనీ, కానీ ఉన్న ముగింపును చెడగొట్టకుండా దాన్ని చేర్చే దారి కనబడలేదనీ తరవాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1992లో, కొడుకు క్రిస్టఫర్ దాన్ని వేరే సంపుటంలో అచ్చువేశాడు. నేను చదివాను. ఎంతో ముద్దుగా ఉంటుంది. అయినా పుస్తకంలో లేకపోవడమే మంచిదైంది. రాయడం తప్పని నేననను అమ్మడూ. నువ్వూ రాసుకో, నీ బీరువాలో పెట్టుకో.

హ్యారీ పాటర్ చివర 19 ఏళ్ళ తరవాతి అధ్యాయం లేదా అంటావు. నువ్వా మాట అంటావని తెలిసే ఆలోచించి పెట్టుకున్నాను. అలాంటి చివరి అధ్యాయాన్ని ఎన్నో ఏళ్ళ ముందే రాసి దాచుకున్నానని రౌలింగ్ చెప్పింది. ఆవిడ నడిచిందే దానివైపు. నీది మొన్న రాత్రి పుట్టింది.

ఇక ఎప్పటికీ వెనక్కి వెళ్ళకూడదా అంటే, వెళ్ళొచ్చు. ఉర్సులా లె గ్విన్ "ఎర్త్‌సీ" మూడో పుస్తకం 1972లో వచ్చింది, అక్కడితో సరి అనుకున్నారంతా. 1990లో "తెహాను" వచ్చింది. మంత్రశక్తి పోగొట్టుకున్న గెడ్ అందులో ఉన్నాడు, కానీ కథ నడిపేది నడివయసు తెనార్. కాలిన గాయాలతో దొరికిన ఒక చిన్నపిల్లను పెంచుతూ ఉంటుంది. మగవాళ్ళ మంత్రాల లోకంలో ఆడవాళ్ళు ఏం చేస్తున్నారన్న ప్రశ్న పట్టుకుని ఆవిడ 18 ఏళ్ళకి తిరిగి వెళ్ళింది. ఎర్త్‌సీలో ఇదే చివరిదని ఆ పుస్తకం పేరు కిందే వేశారు. 2001లో ఇంకో రెండు వచ్చాయి. అదేమీ తప్పు కాదు. బెంగతో వెనక్కి వెళ్ళినవాళ్ళకి పాత ఇల్లే కనిపిస్తుంది. ఆవిడ ప్రశ్నతో వెళ్ళింది కాబట్టి తను కట్టిన ఇంట్లోనే తను చూడని గది కనిపించింది.

ఇంకో మాట, ఈ ఊళ్ళో ఉన్నదాన్ని కాబట్టి నాకు రోజూ గుర్తొచ్చేది. నన్నయ ఇక్కడ భారతం మొదలుపెట్టి ఆది, సభా పర్వాలు చేసి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ మిగిలిన ముక్కను ఎర్రన పూర్తిచేసింది నన్నయ తరవాత రెండు వందల ఏళ్ళు దాటాక. దాన్ని ఆయన, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మన కాలంలో రాబర్ట్ జోర్డన్‌కూ ఇలాగే జరిగింది. 1990లో మొదలైన "వీల్ ఆఫ్ టైమ్" పూర్తికాకుండానే 2007లో ఆయన పోతే, ఆయన రాసిపెట్టుకున్నవి ముందేసుకుని బ్రాండన్ శాండర్సన్ 2013కి ముగించాడు. గోదావరి గట్టున నడుస్తున్నప్పుడల్లా అనుకుంటాను, చివరి వాక్యం తన చేత్తో రాసుకునే రాత్రి నన్నయకు దక్కలేదు. నీకు దక్కింది. మొన్న నువ్వు ఏడ్చింది ఆ రాత్రే.

దానికి ఒక గుర్తు మిగుల్చుకో. మన హరికథలో కథ అవగానే దాసుగారు లేచి వెళ్ళిపోరు. మంగళం పాడతారు, హారతి తిరుగుతుంది, ఆ తరవాతే గజ్జెలు విప్పుతారు. "మంగళం పాడేశారు" అనే మాటను మనవాళ్ళు ఎగతాళికి వాడి పాడుచేశారు కానీ, ఎంత ఒద్దికైన పని అది! కథ నుంచి మామూలు మనిషిగా దిగడానికి ఒక మెట్టు. రౌలింగ్ కూడా 2007 జనవరి 11న ఎడిన్‌బరోలోని బాల్మోరల్ హోటల్ 552వ గదిలో ఏడో పుస్తకం ముగించి, అక్కడున్న పాలరాతి విగ్రహం మీద ఆ సంగతి, తేదీ వేసి రాసిపెట్టింది. హోటలు వస్తువు మీద రాయొచ్చా అని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

నువ్వు చేయాల్సింది చెబుతాను. ఆ కొత్త అధ్యాయం ఈ వారమే రాసెయ్, కడుపునిండా. రాసి విడిగా పెట్టు, పుస్తకానికి కలపకు. మిగతాదంతా ప్రింటు తీయించి సంక్రాంతికి పట్టుకురా. అప్పటిదాకా ల్యాప్‌టాప్‌లో దాని జోలికి పోకు. పదిన్నరకి కూర్చునే బల్ల దగ్గర కొత్త నవల మొదలుపెట్టకు. ఊరికే కూర్చో, లేదా చిన్నప్పుడు నీకు చదివి వినిపించిన కాశీ మజిలీ కథలు తీసి చదువుకో. పిల్లాడు లేస్తే వాడి పక్కన పడుకో.

పండగకి వచ్చాక నాలుగో పుస్తకం పెరటి వరండాలో నేను గట్టిగా చదువుతాను, నువ్వు విను. నా గొంతు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. చెరువు పటం గీసిన పాత డ్రాయింగ్ పుస్తకం, నోటుబుక్కులు కూడా తీసుకురా. మీ నాయనమ్మ ట్రంకుపెట్టె ఖాళీ చేసి ఎండలో పెట్టించాను. అడుగున వేప ఆకు వేశాను, పురుగు పట్టదు.

పడవవాడు పోయే పేజీ మాత్రం నేను చదవలేను. అది నువ్వే చదవాలి.

ఆశీస్సులతో,
నీ మేనత్త