పరిశోధన విద్యార్థి – కాలం విలువ

మన హాస్టల్లో స్టడీ అవర్‌కు బెల్లు, భోజనానికి బెల్లు. పదో తరగతి నుండి పి.జి. దాకా మనల్ని నడిపించింది పరీక్షల టైంటేబులే. పిహెచ్.డి.లో కోర్సు వర్కు అయిపోయాక అలాంటిదేమీ ఉండదు. ఈ ఏడాదే పరిశోధనలో చేరిన నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించిన సంగతి ఇదే.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 6 సంవత్సరాలు గడువు. జె.ఆర్.ఎఫ్. మొత్తం 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలైంది. మన ఇళ్ళలో అది పెద్ద మొత్తమే. అయితే అది గడువున్న డబ్బు, ఉద్యోగం కాదు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి ఉంచడం మంచిది.

గడువును ఎలా వాడుకోవాలో అంబేద్కర్ గారి విద్యార్థి జీవితంలో చూడవచ్చు. జయంతి సభల్లో మనం ఆయన డిగ్రీల పేర్లు చెప్పి ఊరుకుంటాం. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అర్థశాస్త్రం ఒక్కటే పట్టుకోకుండా చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం తరగతులకూ వెళ్ళారు. భారతదేశంలో కులాల పుట్టుకపై 1916 మే నెలలో ఆయన చదివిన పత్రం మానవశాస్త్ర సెమినారులోనిది! ఆ ఏడాదే లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్పు ముగిసి, చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. ఓడలో పంపిన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టి, కొంత అప్పు తెచ్చి 1920లో మళ్ళీ వెళ్ళారు. రూపాయి సమస్యపై రాసిన సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు మార్చి రాయమన్నారు. మార్చి పంపారు. 1923లో డి.ఎస్‌సి. వచ్చింది. కొలంబియా పిహెచ్.డి. పట్టా వచ్చేసరికి 1927.

ఆ 'మార్చి రాయమన్నారు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. గైడు అధ్యాయాన్ని ఎర్ర గీతలతో తిరిగి ఇస్తే, మనలాంటి ఇళ్ళ నుండి వచ్చినవారు "ఇది మనకు రాదులే" అనుకుంటారు. సిగ్గుపడి డిపార్ట్‌మెంటుకు వెళ్ళడం తగ్గిస్తారు. ఇంట్లో అడగడానికి ఈ దారి తెలిసినవారు ఉండరు. నిజానికి దిద్దడం పరిశోధనలో రోజూ జరిగే పనే, అవమానం కాదు. గైడు దగ్గరికి వట్టి చేతులతో కాకుండా ఒక్క పేజీ అయినా రాసుకొని వెళితే మాట సులువుగా సాగుతుంది. సెమిస్టరుకోసారి సలహా సంఘం ముందు ప్రగతి చెప్పాలి కాబట్టి ఆ పేజీలు అప్పుడూ పనికివస్తాయి. తారీఖు వేసి దాచుకోండి.

పి.జి. చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, శోధ్‌గంగ వెబ్‌సైటులో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. మీ సబ్జెక్టులో రెండు తెరచి, ముందు చివరి అధ్యాయం చదవండి. ఇంకా జరగవలసిన పని ఏమిటో చాలామంది అక్కడే రాస్తారు. అంశం వెతుక్కోవడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకైతే కనపడలేదు.