గొంతు ఎవరిది?

2002 జనవరి 18వ తేదీ తెల్లవారకముందే, అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో మైనాట్ అనే చిన్న పట్టణం వెలుపల ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ట్యాంకులు పగిలి అమ్మోనియా మేఘంలా కమ్ముకుంది. ఒకరు మరణించారు, వందలాది మంది అస్వస్థులయ్యారు. ఇల్లు విడిచి పోవాలో, తలుపులు బిగించుకొని లోపలే ఉండాలో తెలియక జనం రేడియోలు తిప్పారు. ఎంతసేపటికీ తగిన సూచన వినబడలేదని ఎందరో వాపోయారు.

ఆ పట్టణంలోని ఆరు వాణిజ్య రేడియో కేంద్రాలూ క్లియర్ చానెల్ అనే ఒకే సంస్థవి. పోలీసులు ఫోను చేస్తే ఎత్తినవారు లేరన్నది ఆరోపణ. అత్యవసర ప్రసార వ్యవస్థను వాడడం పోలీసులకే తెలియలేదన్నది సంస్థ సమాధానం. తప్పెవరిదన్న వాదం అలా ఉంచితే, ఆరు కేంద్రాలు ఒకే యజమాని చేతికి ఎలా వచ్చాయన్నది అసలు ప్రశ్న.

అమెరికాలో ఒక సంస్థ దేశమంతటా నలభైకి మించి రేడియో కేంద్రాలు కలిగి ఉండరాదన్న నియమం ఒకప్పుడు ఉండేది. 1996 నాటి టెలీకమ్యూనికేషన్ల చట్టం ఆ హద్దును చెరిపివేసింది. కొద్ది సంవత్సరాలలోనే క్లియర్ చానెల్ కేంద్రాలు పన్నెండు వందలు దాటాయి. ఖర్చు తగ్గించేందుకు ఎక్కడో ఒకచోట కూర్చున్న వ్యాఖ్యాత మాటలను ముందుగానే రికార్డు చేసి, అనేక ఊళ్లలో వినిపించే పద్ధతి విస్తరించింది. ఊరి పేరు పలికేవాడు ఆ ఊరిని చూసి ఉండనక్కరలేదు. గొంతు మిగిలింది, మనిషి తొలగిపోయాడు. కృత్రిమ మేధ రాకముందే సగం పని పూర్తయిందన్నమాట!

మిగిలిన సగం పోలండులో కనిపించింది. 2024 అక్టోబరులో క్రాకోవ్ నగరపు ప్రభుత్వ రేడియోకు చెందిన 'ఆఫ్ రేడియో క్రాకోవ్' విభాగం యంత్రం సృష్టించిన ముగ్గురు యువ వ్యాఖ్యాతలను ప్రవేశపెట్టింది. అంతకుముందు పనిచేసినవారిని తొలగించింది శ్రోతలు లేనందువల్లనే గాని యంత్రం కోసం కాదని నిర్వాహకులు చెప్పారు. 2012లో కన్నుమూసిన నోబెల్ కవయిత్రి విస్లావా షింబోర్స్కాతో 'ముఖాముఖి' కూడా ప్రసారమైంది. చనిపోయినవారిచేత కొత్త మాటలు పలికించడం వింతే అయినా, అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. ఆ ముగ్గురిలో ఒకరిని లైంగిక అల్పసంఖ్యాక వర్గాల గురించి మాట్లాడే వ్యక్తిగా రూపొందించారు. అవమానం ఎరుగని యంత్రానికి అవమానితుల గొంతు తొడిగారు.

అస్తిత్వ ఉద్యమాల మూలసూత్రానికే ఇది విరుద్ధం. 'మా బాధను మేమే చెప్పుకుంటాం' అన్నది ఆ ఉద్యమాల తొలి పలుకు. తెలుగులో 'నీలిమేఘాలు' (1993) స్త్రీవాద సంకలనం, 'చిక్కనవుతున్న పాట' (1995) దళిత కవితా సంకలనం అటువంటి పట్టుదలతోనే వెలువడ్డాయి. అస్తిత్వం పేరిట సాగే రాజకీయాలలో అతిశయోక్తులు లేకపోలేదు. కాని అనుభవించినవాడే సాక్షి అన్న మాటను కొట్టివేయడం కష్టం. సాక్షి స్థానంలో బొమ్మను కూర్చోబెడితే వైవిధ్యం తెరమీద మాత్రమే ఉంటుంది, జీతాల పట్టికలో ఉండదు.

ఈ గాలి మన దేశానికీ సోకింది. 2023 జూలైలో ఒడియాలో 'లీసా', తెలుగులో బిగ్ టీవీలో 'మాయ' అనే కృత్రిమ వ్యాఖ్యాతలు కనిపించారు. జనం ముచ్చటపడ్డారు, కొంత బెదిరారు కూడా. ఆ బెదురు యంత్రం తెలివిని చూసి కలిగినదానికన్నా, అది ఎవరి మాట వింటుందన్న సందేహం వల్ల కలిగితే అర్థవంతం. ఏ వార్త చదవాలో బొమ్మ నిర్ణయించదు.

క్రాకోవ్‌లో తొలగింపునకు గురైన ఒక పాత్రికేయుడు బహిరంగ లేఖ రాశాడు. దానిపై ఇరవై వేలకు పైగా సంతకాలు చేరాయి. మూడు నెలలు సాగవలసిన ప్రయోగం దాదాపు వారానికే ముగిసింది. అది ప్రజాధనంతో నడిచే కేంద్రం కనుక ప్రజలకు జవాబు చెప్పవలసి వచ్చింది. మైనాట్ కేంద్రాల యజమాని కార్యాలయం మాత్రం అక్కడికి రెండువేల కిలోమీటర్ల దూరాన, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉండేది.