శ్రీలంకకి వెళ్తే ఎంత దూరంలో నిలబడాలి?

క్లబ్ వాళ్ళు ఈ సంచికకి అందరికీ ఉపయోగపడే వ్యాసం ఒకటి రాయమన్నారు. నాకు కాస్త బాగా తెలిసినవి రెండే. ఒకటి సీ ప్రోగ్రామింగ్, రెండోది పోయిన జూలైలో మా ఇంట్లో వాళ్ళతో వెళ్ళొచ్చిన శ్రీలంక. మొదటిదానికి సీనియర్ల నోట్సు ఇప్పటికే హాస్టలంతా తిరుగుతోంది కాబట్టి రెండోదే రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగులో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

గుళ్ళూ అడవీ రెండూ చూసే ప్రయాణానికి ఎలా తయారవ్వాలో చెప్పే పాఠం ఇది. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ తప్పు వల్లే ఈ వ్యాసం రాయాలనిపించింది.

1. కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

శ్రీలంక విస్తీర్ణం సుమారు 65,610 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. ఇంత చిన్న దేశమే కదా అని నేను ఆరు రోజులకి ఎనిమిది ఊళ్ళు పెట్టాను: అనురాధపురం, సిగిరియా, పొలన్నరువ, కాండీ, నువర ఎలియా, యాలా, మిరిస్సా, గాలె. నాన్న ఆ కాగితం చూసి, "నువ్వు టూర్ వేశావా, కొరియర్ డెలివరీ వేశావా?" అన్నారు.

మన భాషలో చెప్పాలంటే, గ్రాఫ్‌లో ఎడ్జ్ వెయిట్ తప్పు పెట్టాను. కొలంబో నుంచి కాండీ 115 కిలోమీటర్ల పైచిలుకే. కానీ కొండదారి, మధ్యలో ఊళ్ళు, బస్సులు అన్నీ కలిపి మూడు గంటలు దాటుతుంది. అక్కడ రోజుకి ఒక పెద్ద ప్రయాణం చాలు. చివరికి మేము మూడు రాత్రులు సిగిరియా దగ్గర, రెండు రాత్రులు కాండీలో ఉన్నాం. ఇంకో చిన్న సలహా: విమానాశ్రయం కొలంబో నగరంలో లేదు, దానికి ఉత్తరాన కటునాయకలో ఉంది. సిగిరియాకి వెళ్ళేవాళ్ళు నగరంలోకి దిగకుండా అటునుంచి అటే వెళ్ళిపోవచ్చు.

2. ఏ నెలలో వెళ్తున్నారో దాన్ని బట్టి ఏం చూడాలో తేలుతుంది

శ్రీలంకకి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన దక్షిణ, పడమటి తీరాల మీద పడుతుంది. అప్పుడు ఉత్తర, తూర్పు భాగాలు పొడిగా ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వాన, అప్పుడు ఇది తలకిందులు. మిరిస్సాలో నీలి తిమింగలాలు చూడాలంటే నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్ళాలి. నేను జూలైలో పెట్టాను. ఫొటోలు చూసి ప్లాన్ వేస్తే ఇలాగే ఉంటుంది, ఫొటో మీద నెల పేరు ఉండదు కదా.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మిన్నేరియా బావుంటుంది. మిన్నేరియా ఒక చెరువు. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించాడు. సింహళంలో చెరువుని 'వేవ' అంటారు. ఎండలకి నీళ్ళు వెనక్కి తగ్గితే చెరువు అడుగున లేత గడ్డి మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగుల గుంపులు వస్తాయి. కానీ ఈ మధ్య కొన్నేళ్ళలో మొరగహకంద జలాశయం నుంచి నీళ్ళు వదలడంతో ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉండి, గడ్డి తేలక ఏనుగులు వేరే చోట్లకి పోతున్నాయి. అందుకే ముందే టికెట్టు కొనకండి. దగ్గర్లోనే కౌడుల్ల, హురులు అని ఇంకో రెండు అడవులున్నాయి. "ఇవాళ ఏనుగులు ఎక్కడున్నాయి?" అని బస చేసిన చోట అడిగి బయల్దేరండి. చిరుతపులి కోసమే వెళ్ళేవాళ్ళకి యాలా. అయితే అక్కడ ముఖ్యమైన భాగాన్ని ఎండలు ముదిరినప్పుడు, మామూలుగా సెప్టెంబరులో, కొన్ని వారాలు మూసేస్తారు.

3. గుడిలో ఎలా ఉండాలి

బౌద్ధ ఆలయాల్లోకి చెప్పులూ టోపీ తీసేసి వెళ్ళాలి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. తెల్లబట్టలైతే ఇంకా మంచిది, అక్కడివాళ్ళు కూడా అవే కట్టుకొస్తారు. ఎండకి రాయి కాలుతుంది కాబట్టి సాక్సులు దగ్గర పెట్టుకోండి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. ఇది మర్యాదకి సంబంధించిన విషయమే కాదు, చట్టం దాకా వెళ్తుంది. 2012లో బుద్ధ విగ్రహానికి ముద్దు పెడుతున్నట్టు ఫొటోలు దిగిన ఫ్రెంచి యాత్రికులకి అక్కడి కోర్టు సస్పెండెడ్ జైలు శిక్ష వేసింది. 2014లో చేతి మీద బుద్ధుడి టాటూ ఉన్న ఒక బ్రిటిష్ మహిళని తిరిగి పంపేశారు.

మా చెల్లి కాండీలో సరిగ్గా ఇదే చెయ్యబోయింది. ఫోను ఎత్తి ఇటు తిరిగేసరికి, పక్కన తెల్లచీరలో ఉన్న ఒక పెద్దావిడ తన భుజం పట్టుకుని మెల్లగా విగ్రహం వైపు తిప్పింది. ఏమీ అనలేదు, నవ్విందంతే. తర్వాత తన చేతిలో ఉన్న కలువపూలలో ఒకటి చెల్లికిచ్చింది. మా నానమ్మ ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పది నిమిషాలు ఏదో మాట్లాడుకున్నారు.

సిగిరియా గురించి మన సాహిత్యం క్లబ్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఐదో శతాబ్దంలో కశ్యపుడు కట్టించిన కొండకోట అది. ఎత్తు 200 మీటర్ల దాకా ఉంటుంది, మెట్లు సుమారు 1200. సగం దారిలో అద్దంలా నున్నగా చేసిన గోడ ఉంది. వెయ్యేళ్ళ కిందట అక్కడికి వచ్చిన యాత్రికులు పైనున్న బొమ్మలు చూసి ఆ గోడ మీద పాత సింహళంలో పద్యాలు గీశారు. పరణవితాన అనే పండితుడు వాటిలో 685 పద్యాలు చదివి 1956లో పుస్తకంగా తెచ్చారు. కామెంట్ సెక్షన్ మన కాలంలోదే అనుకున్నాను నేను! కానీ ఇప్పుడు ఆ గోడ మీద గీత గీస్తే నేరం. 2015లో పేరు గీసిన ఒక అమ్మాయికి రెండేళ్ళ శిక్ష పడింది, తర్వాత అధ్యక్షుడు క్షమించారు. కొండకి పెద్ద పెద్ద కందిరీగల పట్లు ఉంటాయి, అందుకే అరవొద్దని బోర్డులు పెట్టారు. పొద్దున్నే ఎక్కండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని బలవంతపెట్టొద్దు. నానమ్మ కింద నీటితోటల్లో చెట్టు నీడన కూర్చుంది, మాకంటే తనే హాయిగా ఉంది.

4. నేను చేసిన తప్పు

రెండో రోజు సాయంత్రం మిన్నేరియాలో జీపు ఎక్కాం. ఒక మలుపు తిరగ్గానే గడ్డిలో పదిహేను దాకా ఏనుగులు. శ్రీలంక మగ ఏనుగుల్లో కూడా చాలావాటికి దంతాలుండవు కాబట్టి ఏది ఆడో ఏది మగో నాకు తెలియలేదు. కానీ ఒకటి మాత్రం తల్లి, ఎందుకంటే దాని కాళ్ళ మధ్య పిల్ల ఉంది. డ్రైవరు దూరంగానే ఇంజను ఆపాడు. నా ఫోన్లో జూమ్ చేస్తే బొమ్మ మసగ్గా వస్తోంది. దగ్గరికి పొమ్మన్నాను. "ఇక్కడ బావుంది సర్" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. నేను వాళ్ళ రూపాయలు రెండు వేలు తీసి అతని చేతిలో పెట్టాను. మన డబ్బులో ఆరు వందలు కూడా కాదు.

అతను ఒక్క క్షణం ఆ నోట్ల వైపు చూసి బండి కదిలించాడు. మమ్మల్ని చూసి ఇంకో రెండు జీపులు వెనకాలే వచ్చాయి. ఏనుగులు మేయడం ఆపేశాయి. పెద్దవన్నీ దగ్గరికి జరిగి పిల్లని మధ్యలోకి తీసుకున్నాయి. ఒకటి మా వైపు తిరిగింది. చెవులు రెండూ విప్పి, తల పైకెత్తి, నాలుగడుగులు విసురుగా వచ్చి ఆగింది. వెనక జీపులుండటంతో మాకు వెనక్కి దారి లేదు. నానమ్మ ముందు కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఎవరమూ మాట్లాడలేదు. ఒక నిమిషం తర్వాత ఆ ఏనుగు వెనక్కి తిరిగింది. గుంపు మొత్తం దాని వెంటే పొదల్లోకి వెళ్ళిపోయింది.

మాకేమీ కాలేదు. అప్పుడు డ్రైవరు అన్నాడు: "అవి తింటున్నాయి సర్. ఇప్పుడు తినట్లేదు."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెద్ద ఏనుగుకి రోజుకి సుమారు 150 కిలోల మేత కావాలి. ఆ గడ్డి కోసమే అవి అంత దూరం నడిచి వస్తాయి. నేనొక ఫొటో కోసం ఆరు వందలిచ్చి వాటిని మేత దగ్గర్నుంచి తరిమేశాను. మా వెనక ఇంకా ఎన్నో జీపులు వస్తున్నాయి, వాళ్ళకి ఆ సాయంత్రం ఖాళీ గడ్డే కనిపించి ఉంటుంది. డ్రైవరుది తప్పనడానికీ లేదు. వద్దని ఒకసారి చెప్పాడు, డబ్బులిచ్చింది నేను.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి. ఏనుగు మేస్తూ, చెవులు తీరుబడిగా ఊపుతూ ఉంటే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. మేత ఆపి కదలకుండా నిలబడినా, చెవులు విప్పినా, గుంపు పిల్ల చుట్టూ చేరినా మీరు దగ్గరైపోయినట్టే. బండి ఎక్కే ముందే డ్రైవరుకి చెప్పండి: "దూరంగానే ఆపండి, వెనక్కి దారి ఉంచండి, టిప్పు దానికే ఇస్తాం." పిల్ల ఏనుగుల్ని చూడాలని ఉంటే ఉడవలవేలో 1995 నుంచి నడుస్తున్న అనాథ ఏనుగుల కేంద్రం ఉంది. అక్కడ ముట్టుకోనివ్వరు. పాలు తాగే వేళకి దూరంగా కూర్చుని చూడాలి. పెరిగాక వాటిని మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఏనుగు స్వారీ ఇస్తామన్న చోటికి మాత్రం వెళ్ళొద్దు.

5. చిన్న చిన్న విషయాలు

పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలి. ప్రయాణ అనుమతి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, ఫీజు నియమాలు మారుతుంటాయి. సిగిరియా లాంటి చోట్ల సార్క్ దేశాల వాళ్ళకి టికెట్టు తక్కువ, పాస్‌పోర్టు చూపించాలి. టైము మన టైమే, వాచీ మార్చక్కర్లేదు. ప్రతి పౌర్ణమీ 'పోయ' సెలవు, ఆ రోజు మాంసం, మద్యం అమ్మరు, గుళ్ళలో రద్దీ ఎక్కువ. శాకాహారులు కొబ్బరి సంబోల్ తినే ముందు అడగండి, అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. దోమల క్రీము మర్చిపోవద్దు.

వెళ్ళే ముందు కొంచెం చరిత్ర చదవండి. మన నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. 1739 నుంచి కాండీని ఏలింది మధురై నాయకుల బంధువులు, వాళ్ళ మూలాలు తెలుగువి. వాళ్ళలో చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1815లో బ్రిటిషు వాళ్ళు పట్టుకుని వెల్లూరుకి పంపించారు, అక్కడే 1832లో చనిపోయాడు. పాముల్నాడించే అహికుంటికలనే సంచార జాతి వాళ్ళు ఈనాటికీ ఇళ్ళలో ఒకరకం తెలుగు మాట్లాడతారు. ఇవి నేను తిరిగొచ్చాక చదివాను. ముందే చదివుంటే కాండీ రాజభవనాన్ని ఇంకోలా చూసేవాణ్ణి.

6. అభ్యాసం

మీరు ఏ దేశానికి వెళ్ళినా బయల్దేరే ముందు ఈ నాలుగింటికి జవాబులు రాసుకోండి.

నేను వెళ్ళే నెలలో అక్కడ వానా, ఎండా?
రోజుకి ఎన్ని గంటలు బండిలో కూర్చుంటున్నాను?
అక్కడివాళ్ళు పవిత్రం అనుకునే చోట ఏ పని చెయ్యకూడదు?
జంతువు తన పని ఆపేస్తే నేనేం చేస్తాను?

మొదటి మూడింటికి జవాబు ఇంటర్నెట్లో దొరుకుతుంది. నాలుగోది అక్కడ జీపులో ఉండగానే చెప్పాల్సి వస్తుంది, కాబట్టి ఇక్కడే అనుకుని వెళ్ళండి. ఆ రోజు నేను తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. చాలా స్పష్టంగా వచ్చింది. ఏనుగు నా వైపే చూస్తోంది. ఆ ఫొటో నేనెక్కడా పెట్టలేదు.