గోపురము వెనుకకు వాలునా?

హంపి విరూపాక్షాలయపు తూర్పు గోపురము తొమ్మిది అంతస్తులది. ఎత్తు సుమారు 50 మీటర్లు. దగ్గర నిలిచి తీసిన ఛాయాచిత్రములు పెక్కింటిలో అది వెనుకకు పడిపోవుచున్నట్లు కనబడును. శిల్పి దానిని పైకి పోనుపోను సన్నముగా కట్టినమాట నిజమే. అయితే చిత్రమునందలి ఆ సన్నదనములో శిల్పి పాలెంత, కెమెరా పాలెంత? ఇది తేలనిచో ఆ చిత్రమును ముందుంచుకొని గోపురపు నిష్పత్తులను చర్చించుట వ్యర్థము.

కారణము మీరు చదువు రేఖాగణితములోనిదే. ఫిలిము కట్టడమునకు సమాంతరముగా నిటారుగా నున్నంతవరకు నిలువుగీతలు సమాంతరముగానే పడును. శిఖరము కొరకు కెమెరాను వెనుకకు వంచితిమా, పైభాగము అడుగుభాగముకంటె చిన్నదిగా పడును; గీతలు పైన కలియజూచును. దోషము కటకముది కాదు, వంచుటది. ఎత్తు తోచుటకు అట్లు వాలుటే మేలని కొందరందురు. వేడుకచిత్రములకది సరియే, శిల్పమును అధ్యయనము చేయువారికి చాలదు.

కెమెరాను వంచక కటకమును మాత్రము పైకి జరుపు ఏర్పాటు పెద్ద తిత్తికెమెరాలలో పూర్వమునుండి కలదు. చిన్న ఫిలిముకెమెరాకు అట్టి కటకమును 1962లో జపానుదేశపు నిప్పాన్ కొగాకు సంస్థ, అనగా నేటి నికాన్, తెచ్చినది. దాని నాభ్యంతరము 35 మి.మీ.; జరుగుట 11 మి.మీ. వరకు. జరిపినను మూలలు చీకటి కాకుండుటకు, అది ఏర్పరచు బింబవృత్తము 24 × 36 మి.మీ. చట్రమునకు కావలసినదానికంటె పెద్దది. 1973లో కానన్ సంస్థ జరుగుటయే గాక వంగుటకును వీలైన కటకమును తెచ్చినది.

లెక్క చూడుడు. గోపురమునకు 75 మీటర్ల దూరమున కెమెరాను అడ్డముగా, మట్టముగా నిలుపుదము. చట్రపు ఎత్తులో సగము 12 మి.మీ.; కావున కెమెరాకు పైన 12 × 75 ÷ 35, అనగా 26 మీటర్లలోపే పట్టును. కటకమును 11 మి.మీ. పైకి జరిపినచో 12కు బదులు 23 వచ్చును. ఎత్తు 49 మీటర్లు దాటును. కెమెరా నిలిచిన మీటరున్నర కలుపగా శిఖరము దొరకినది! జరుగని కటకముతో దీనికై సుమారు 140 మీటర్లు వెనుకకు పోవలెను. అప్పుడును ఫిలిములో అడుగుసగము వట్టి వీధియే.

నేడు కంప్యూటరుతోను వాలును సరిచేయవచ్చును. కాని పైభాగమును సాగదీయుటచే అచటి శిల్పముల స్పష్టత తగ్గును, అంచులు కోతపడును.

అభ్యాసము: నాభ్యంతరము 28 మి.మీ., జరుగుట 11 మి.మీ. అయినచో ఈ గోపురమును పట్టుటకు ఎంత దూరము చాలును?