పాలబండి రేడియేటర్‌లో ఏ కూలెంట్ పోయాలి? దేనిలో ఏది కలపవచ్చు?



పాలన్నీ తెల్లగానే ఉంటాయి. అయినా మన సంఘంలో ఎవరూ రంగు చూసి పాలకు ధర కట్టరు. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. శాతం చూసిన తరువాతనే పుస్తకంలో అంకె వేస్తాం. కాని ఆ పాలను మోసుకుపోయే బండి దగ్గరికి వచ్చేసరికి మనం రంగునే నమ్ముతున్నాం. "పచ్చదానిలో పచ్చది పోశాను, ఏం కాదు" అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ మాట ఎందుకు తప్పో, రేడియేటర్‌లో ఏమి పోయాలో, ఏమి పోయకూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇది డ్రైవరు సంగతి, మనకెందుకు అనుకోవద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో చల్లబరచని పాలలోని సూక్ష్మజీవులు అరగంటకే రెట్టింపు కాగలవు. ఇంజను వేడెక్కి బండి దారిలో గంట, రెండు గంటలు ఆగిందంటే క్యాన్లలో పాలు పులుస్తాయి. కేంద్రం వద్ద కాచి చూసినప్పుడు విరిగితే ఆ నష్టం రేడియేటర్‌ది కాదు, తెల్లవారుజామున లేచి పితికిన సభ్యులది. కరెంటు పోయినప్పుడు బల్క్ కూలర్‌ను నడిపే జనరేటరుకూ, మన కార్లకూ, ట్రాక్టర్లకూ ఈ పాఠం వర్తిస్తుంది.

కూలెంట్ చేసే పనులు

ఇంజనులో మండిన డీజిల్ శక్తి అంతా చక్రాలకు చేరదు. దానిలో సుమారు మూడో వంతు వేడిగా మారి ఇంజను చుట్టూ తిరిగే ద్రవంలోకి చేరుతుంది. ఆ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోవడం కూలెంట్ మొదటి పని. దీనికి నీటిని మించినది లేదు.

రెండవ పని, తొందరగా మరగకుండా ఉండడం. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. నీటిలో సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే సుమారు 107 డిగ్రీల వరకు మరగదు. బిగువైన రేడియేటర్ మూత లోపల ఒత్తిడి నిలిపి ఈ హద్దును ఇంకా పైకి తీసుకుపోతుంది. అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా అమ్రాబాదు గుట్ట ఎక్కే బండికి ఈ తేడా ఎంత అవసరమో ఆ దారి తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

మూడవ పని తుప్పును ఆపడం. ఇంజను లోపల ఇనుము, అల్యూమినియం, రాగి, సత్తు ఒకే నీటిలో తడుస్తుంటాయి. వట్టి నీటిలో ఇవి ఒకదానినొకటి తినేస్తాయి. అందుకే కూలెంట్‌లో తుప్పును ఆపే మందులు కలుపుతారు. "మన దగ్గర నీళ్ళు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు?" అనేవారు ఈ రెండవ, మూడవ పనులను మరచిపోతున్నారు.

రకాలు ఎన్ని?

అన్ని రకాలలోనూ ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాలే. తేడా అంతా తుప్పును ఆపే మందులోనే ఉంది.

1. పాత పద్ధతి రకం: ఇందులో సిలికేటు, ఫాస్ఫేటు, బోరేటు వంటి లవణాలు ఉంటాయి. లోహంపై త్వరగా పొర కడతాయి, త్వరగానే ఖర్చయిపోతాయి. సాధారణంగా రెండేళ్ళకు మార్చాలి.

2. సేంద్రియ ఆమ్లాల రకం: డబ్బాపై ఓ.ఏ.టి. అని ఉంటుంది. 1990ల మధ్య నుంచి కార్లలో విస్తరించింది. మందు మెల్లగా ఖర్చవుతుంది కనుక సుమారు ఐదేళ్ళు పనిచేస్తుంది.

3. మిశ్రమ రకం: హెచ్.ఓ.ఏ.టి. అంటారు. సేంద్రియ ఆమ్లాలతోపాటు కొద్దిగా లవణాలు కూడా ఉంటాయి. యూరపు కంపెనీలు అక్కడి నీటిలో సున్నం ఎక్కువని ఫాస్ఫేటు మానివేసి సిలికేటు వాడాయి. జపాను కంపెనీలు వాటర్ పంపు సీలు అరుగుతుందని సిలికేటు మానివేసి ఫాస్ఫేటు వాడాయి.

4. పెద్ద డీజిల్ ఇంజన్ల రకం: పాల ట్యాంకర్లలో, పెద్ద జనరేటర్లలో లైనర్లు నేరుగా కూలెంట్‌లో తడుస్తుంటాయి. ఇంజను అదురుకు వాటిపై సన్నని గుంటలు పడతాయి. వీటికి ఆ గుంటలను ఆపే మందు కలిసిన కూలెంట్ కావాలి. కారు కూలెంట్ అన్నిసార్లూ సరిపోదు.

రంగు విషయం ఇప్పుడు చూడండి. పచ్చ, ఎరుపు, నీలం, నారింజ ఇవన్నీ కంపెనీవారు కలిపే రంగులే. ఏ రకానికి ఏ రంగు అనే నియమం అందరికీ ఒకటిగా లేదు. ఒక కంపెనీ పచ్చ డబ్బాలో పాత పద్ధతి రకం ఉండవచ్చు, మరొక కంపెనీ పచ్చ డబ్బాలో సేంద్రియ ఆమ్లాల రకం ఉండవచ్చు. అందువల్ల బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాసి ఉందో, డబ్బా వెనుక అదే రాసి ఉందో లేదో చూడాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 5759 పేరు కూడా డబ్బాపై ఉందేమో చూడండి.

రెండు రకాలు కలిస్తే ఏమవుతుంది?

పుల్లటి పాలు ఒక క్యాను బల్క్ కూలర్‌లో పడితే మంచి పాలు కూడా చెడతాయి. కూలెంట్ సంగతీ కొంత ఇటువంటిదే. ఐదేళ్ళ కూలెంట్‌లో రెండేళ్ళ కూలెంట్ పోస్తే ఆ మొత్తాన్ని ఇక రెండేళ్ళదిగానే లెక్కించాలి. కలిసిన వెంటనే అన్నిసార్లూ ఏమీ కనబడదు, బండి నడుస్తూనే ఉంటుంది. అందుకే చాలామంది మోసపోతున్నారు. లోపల మాత్రం ఒక రకం మందు పలచబడి, మరొక రకం పూర్తి మోతాదులో లేక, ఏదీ లోహాన్ని పూర్తిగా కాపాడదు. కొన్ని కలయికలలో సిలికేటు విడిపోయి జిగురుగా మారి రేడియేటర్ సన్నని గొట్టాలకు అడ్డుపడుతుంది.

మరి దారిలో కూలెంట్ తగ్గితే ఏం చేయాలి? ఏ రకమో తెలియని కూలెంట్ పోయడం కంటే డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా పోయడం మేలు. అదీ దొరకకపోతే దొరికిన వాటిలో మంచి నీటితో కేంద్రం చేరి, పాలు దింపిన తరువాత మొత్తం మార్పించాలి.

మన నీటి సంగతి

నల్లగొండ పేరు నీటి శాస్త్రంలో ప్రపంచమంతటా తెలుసు. ఫ్లోరైడు నీటిని బాగుచేయడానికి నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన విధానానికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు పెట్టారు. అందులో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలిపి, తేర్చి వడగడతారు. ఆ నీరు ఎముకలను కాపాడడానికి. కాని రేడియేటర్‌కు అది పనికిరాదు. పటిక వల్ల సల్ఫేటు, బ్లీచింగ్ పౌడరు వల్ల క్లోరైడు నీటిలో మిగులుతాయి. ఈ రెండూ అల్యూమినియాన్ని తింటాయి.

ఫ్లోరైడు వేరు, నీటి కాఠిన్యం వేరు అని గుర్తుంచుకోవాలి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని గార కడితే అది కాఠిన్యం. వేరే నీరు దొరకనిచోట తాగే నీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు భారతీయ ప్రమాణం అనుమతిస్తుంది. పెద్ద డీజిల్ ఇంజన్ల కంపెనీలు కూలెంట్‌లో కలిపే నీటికి పెట్టే హద్దు సుమారు 170 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే మనం తాగగలిగిన నీరంతా ఇంజను తాగలేదు. పైగా ఫాస్ఫేటు ఉన్న కూలెంట్‌లో బోరు నీరు పోస్తే సున్నం ఫాస్ఫేటుతో కలిసి గారగా దిగుతుంది. గార వేడిని దాటనివ్వదు. చివరకు హెడ్ గాస్కెట్ పోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే రేడియేటర్‌కు సరైన నీరు.

మోతాదు లెక్క

డబ్బాలు రెండు విధాలు. నేరుగా పోసేదానిలో నీరు ముందే కలిపి ఉంటుంది, ఇంకా కలపకూడదు. చిక్కటిదానిలో పుస్తకం చెప్పిన మోతాదులో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. సాధారణంగా సగం కూలెంట్, సగం నీరు. చిక్కటిది వట్టిగా పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. గ్లైకాల్ నీటి అంతగా వేడిని మోయలేదు.

పలచబడడం ఎలా జరుగుతుందో ఒక లెక్క చూద్దాం. 8 లీటర్లు పట్టే బండిలో 4 లీటర్ల చిక్కటి కూలెంట్, 4 లీటర్ల నీరు ఉన్నాయనుకోండి. కారడం వల్ల ఒక లీటరు తగ్గింది, డ్రైవరు ఒక లీటరు నీరు పోశాడు. ఇలా నాలుగుసార్లు జరిగితే కూలెంట్ 50 శాతం నుంచి సుమారు 29 శాతానికి దిగిపోతుంది. తుప్పు మందూ అంతే పలచబడుతుంది. కనుక పోస్తూ ఉండడం మరమ్మతు కాదు, ముందు ఎక్కడ కారుతున్నదో చూడాలి.

మొత్తం మార్చేటప్పుడు ఈ వరుస పాటించండి:

1. ఇంజను పూర్తిగా చల్లారే వరకు మూత ముట్టవద్దు. వేడి మూత తీస్తే మరిగే నీరు ఎగిరి ముఖం, చేతులు కాలుతాయి.
2. పాత కూలెంట్‌ను తొట్టిలోకి దింపండి, నేలపై వదలవద్దు.
3. డిస్టిల్డ్ వాటర్ నింపి, పై హోస్ పైపు వేడెక్కే వరకు ఇంజను నడిపి, చల్లార్చి దింపండి. తేటగా వచ్చే వరకు మళ్ళీ చేయండి.
4. ఇంజను లోపల కొంత నీరు మిగిలే ఉంటుంది. అందుచేత 8 లీటర్ల బండిలో ముందు 4 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసి, తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. నేరుగా పోసే రకం మిగిలిన నీటితో పలచబడుతుంది కనుక కడిగిన బండికి చిక్కటిదే తగినది.
5. మరునాడు పొద్దున చల్లని ఇంజనుపై మట్టం మళ్ళీ చూడండి.

పశువులకు ప్రాణాపాయం

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. నేలపై పారిన కూలెంట్‌ను ఆవులు, బర్రెలు, దూడలు, కుక్కలు నాకుతాయి. కడుపు ఇంకా ఎదగని లేగదూడలు, దుడ్డెలు తక్కువ మోతాదుకే బలి అవుతాయి. కాలేయంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, రక్తంలోని కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను మూసివేస్తుంది. తాగినట్లు తూలడం, వేగంగా శ్వాస తీయడం, తరువాత మూత్రం ఆగిపోవడం లక్షణాలు. అనుమానం రాగానే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా పశువైద్యుని పిలిపించి, కూలెంట్ తాగిందని స్పష్టంగా చెప్పాలి. గంటలు గడిచిన కొద్దీ మందు పని తగ్గుతుంది.

ఖాళీ కూలెంట్ డబ్బాను పాలకు, నీళ్ళకు, దాణాకు వాడరాదు. దానిని చీల్చి పారవేయండి. పాల క్యానులో ఎన్నడూ కూలెంట్ తేవద్దు. పాత కూలెంట్‌ను గుంటలో, కాలువలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో గ్యారేజీకి అప్పగించండి. పాలను చల్లబరిచే యంత్రంలో ఇంజను కూలెంట్ ఎన్నటికీ వాడరాదు. గ్లైకాల్‌తో పనిచేసే చిల్లర్లలో ఆహార పరిశ్రమకు తగిన ప్రొపిలీన్ గ్లైకాల్ వేరుగా ఉంటుంది.

సంఘం చేయవలసినది

పాల పుస్తకం వలెనే ప్రతి బండికీ, జనరేటరుకూ ఒక చిన్న పుస్తకం పెట్టండి. పోసిన కూలెంట్ రకం, కంపెనీ, తేదీ, మోతాదు అందులో రాయాలి. అదే రకం పేరు ఒక చీటీపై రాసి రేడియేటర్ మూత దగ్గర అంటించాలి. డ్రైవరు మారినా చీటీ మారదు. అద్దె బండి అయితే ఒప్పందంలోనే ఈ మాట రాయించండి. బండిలో ఎప్పుడూ ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్, అదే రకం కూలెంట్ ఒక లీటరు, మూత గట్టిగా పెట్టి, పాల క్యాన్లకు దూరంగా ఉంచాలి.

వచ్చే సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన పాలబండిలో ఇప్పుడు ఉన్నది ఏ రకం కూలెంట్? ఎవరికి తెలుసు? ఎక్కడ రాసి ఉంది?
2. మన బోరు నీటి కాఠిన్యం ఎంత? పరీక్ష చేయించామా?
3. బండి, జనరేటరు నిలిపేచోట నేలపై రంగు నీటి మరకలు ఉన్నాయా? పశువులు అక్కడికి వస్తున్నాయా?

ఈ మూడింటికి జవాబు చెప్పగలిగిన సంఘానికి ఎండాకాలంలో పాలు దారిలో నిలిచిపోయే భయం చాలావరకు తగ్గుతుంది.