తిన్నె ఏడుంది? – ఇల్లు కట్టడం కలిసి నేర్చుకునే చదువు

పోయిన దసరా సెలవులకు మా పెద్దమ్మ కూతురు తన కాలేజీ మోడల్ ఒకటి ఇంటికి తెచ్చింది. అక్క ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం. తెల్ల అట్టతో చేసిన చిన్న ఇల్లు, చాలా ముద్దుగా ఉంది. మా అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు దిక్కుల నుంచీ చూసి, "బాగుంది గానీ, తిన్నె ఏడుందే?" అని అడిగింది. అందరం నవ్వేశాం.

అక్క మాత్రం రాత్రి పడుకునేటప్పుడు అసలు సంగతి చెప్పింది. అది ఒక నేతగాళ్ల కుటుంబం కోసం గీసిన ఇల్లు. మగ్గం కొలతలు ఫోన్‌లో చూసి గీసిందట. జ్యూరీలో ఒక మేడమ్, "ఈ ఇంట్లో ఉండబోయేవాళ్లతో ఎంతసేపు మాట్లాడావు?" అని అడిగితే తన దగ్గర జవాబు లేదట. అవ్వ అడిగిందీ, మేడమ్ అడిగిందీ ఒకే ప్రశ్న అనిపించింది నాకు. తెలుగు చదివే నాకు ఈ విషయంతో పనేమిటని మీరు అడగొచ్చు. చివరిదాకా చదవండి, చెప్తాను.

స్టూడియో అంటే ఏమి?

ఆర్కిటెక్చర్ చదువులో నడిగుండె డిజైన్ స్టూడియో. మనకు క్లాసు అంటే టీచర్ చెప్పడం, మనం రాసుకోవడం. స్టూడియోలో అలా కాదు. ఒక సమస్య ఇస్తారు: ఒక బడి గీయండి, ఒక ఇల్లు గీయండి అని. విద్యార్థి గీస్తుంది, టీచర్ బల్ల దగ్గరికి వచ్చి చూసి మాట్లాడతారు, మళ్లీ గీస్తుంది. చివర్లో అందరి ముందు గోడకు తగిలించి చూపాలి. దాన్నే జ్యూరీ అంటారు.

ఈ పద్ధతికి పెద్ద మూలం 19వ శతాబ్దపు పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళాశాల. అక్కడ సీనియర్లూ జూనియర్లూ ఒకే గురువు కింద ఒకే పనిశాలలో ఉండేవాళ్లు. గడువు రోజు బొమ్మలు తీసుకెళ్లడానికి తోపుడు బండి వచ్చేదట. ఫ్రెంచిలో బండిని షారెట్ అంటారు. గడువు ముందు రాత్రీపగలూ చేసే పనికి ఆర్కిటెక్చర్ వాళ్లు ఈనాటికీ అదే మాట వాడతారు. ఒక బండి పేరు ఒక పని పేరుగా మారడం! అర్థవిపరిణామం పాఠం గుర్తొచ్చిందా?

అయితే ఈ పద్ధతిలో ఒక లోటుంది. బొమ్మ ఒక్కరిదే, మార్కూ ఒక్కరిదే, ఇల్లు మాత్రం కాగితం మీదే. బయట లోకంలో ఏ ఇల్లూ ఒక్కరు కట్టింది కాదు. మేస్త్రి, వడ్రంగి, ఇంజనీరు, ఇంటావిడ అందరూ కలిస్తేనే ఇల్లు. మరి కలిసి పనిచేయడం ఎక్కడ నేర్చుకోవాలి?

ఓడినవాళ్లూ కట్టాలి

దీనికి ఒక జవాబు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1967లో మొదలైంది. అప్పటి అధిపతి ఛార్లెస్ మూర్ మొదటి ఏడాది విద్యార్థులను కెంటకీ రాష్ట్రంలోని న్యూ జయన్ అనే పల్లెకు తీసుకెళ్లి, అక్కడివాళ్లకు ఒక సముదాయ భవనం కట్టించారు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ముందు డిజైన్లలో పోటీ ఉంటుంది. ఒక్కటే ఎంపికవుతుంది. తర్వాత అందరూ కలిసి ఆ ఒక్క ఇంటినే కట్టాలి. తన బొమ్మ ఓడిపోయిన అమ్మాయి కూడా వేరేవాళ్ల బొమ్మకు మేకులు కొట్టాలి. నాకు ఈ నియమం చాలా నచ్చింది. గెలవడం కంటే ఇది కష్టమైన పాఠం అనుకుంటా.

అలబామా పల్లెలో

రెండో జవాబు ఇంకా లోతైనది. 1993లో ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఇద్దరు అధ్యాపకులు అలబామా రాష్ట్రంలోని హేల్ కౌంటీలో రూరల్ స్టూడియో ప్రారంభించారు. చాలా బీద ప్రాంతం. 1936లో రచయిత జేమ్స్ ఏజీ, ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ పత్తి కౌలురైతుల బతుకులు చూడటానికి వచ్చింది కూడా ఈ ప్రాంతానికే.

ఇక్కడ విద్యార్థులు వచ్చి చూసి పోవడం కాదు, ఆ పల్లెల మధ్యే కాపురం ఉండి చదువుకుంటారు. ఎవరికి కడుతున్నారో వాళ్ల వాకిట్లో కూర్చుని మాట్లాడతారు. 1994లో బ్రయంట్ అనే వృద్ధ దంపతులకు కట్టిన ఇల్లు వాళ్ల మొదటి ఇల్లు. గోడలు గడ్డిమోపులు! మోపులను ఇటుకల్లా పేర్చి, పైన సిమెంటు పూత పూశారు. ఎండకూ చలికీ అవి మంచి అడ్డు. వెనకాల మనవళ్లకు మూడు చిన్న గదులు, ముందు పెద్ద వసారా. ఆ ఊళ్లో చుట్టాలొచ్చినా పక్కింటివాళ్లొచ్చినా కూర్చునేది వసారాలోనే. అంటే, వీళ్లు తిన్నె మర్చిపోలేదు!

తర్వాత పాత టైర్లతో ఒక ప్రార్థన మందిరం కట్టారు. 2000లో మేసన్స్ బెండ్ అనే చోట మట్టిగోడల సముదాయ భవనం కట్టి, ఒక వైపు పాత కార్ల ముందు అద్దాలు 80 తెచ్చి చేపపొలుసుల్లా అమర్చారు. 2002లో ఒక కుటుంబానికి 72,000 కార్పెట్ ముక్కలు పేర్చి గోడలు లేపారు. డబ్బు లేని చోట బుర్ర ఎలా పనిచేయాలో చూపించారు. మాక్‌బీ 2001 డిసెంబరులో రక్తక్యాన్సర్‌తో చనిపోయారు. స్టూడియో మాత్రం ఆగలేదు.

20 వేల డాలర్ల లెక్క

కానీ ఒక చిక్కు. విద్యార్థులు కూలి తీసుకోరు. కాబట్టి అలాంటి ఇల్లు ఊళ్లో మరొకరు కట్టుకోవాలంటే కుదరదు. ఏడాదికి ఒక ఇల్లు బాగుంటే మిగతా ఊరి మాటేమిటి?

అందుకే 2005లో ఒక కొత్త పని మొదలుపెట్టారు. పెన్షను మీద బతికే మనిషి నెలనెలా అప్పు కట్టగలిగేది ఎంత అని లెక్కేస్తే దాదాపు 20,000 డాలర్ల ఇల్లు అని తేలింది. ఆ సొమ్ములోనే సామాను, కూలి, కాంట్రాక్టరు లాభం అన్నీ సరిపోవాలి. పైగా ఊరి మేస్త్రి కట్టగలిగేలా ఉండాలి. అంటే విద్యార్థి తన గొప్ప చూపించే బొమ్మ కాదు, వేరేవాళ్ల చేతికి అందే బొమ్మ గీయాలి. ఒక జట్టు గీసినదాన్ని తర్వాతి ఏడాది జట్టు తీసుకుని, తప్పులు దిద్ది, ముందుకు తీసుకెళ్తుంది. ఇళ్లకు కట్టినవాళ్ల పేర్లు ఉండవు, ఉండేవాళ్ల పేర్లు పెడతారు.

ఒక అనుమానం కూడా చెప్పాలి. బీదవాళ్ల ఇళ్ల మీద పిల్లలు ప్రయోగాలు చేయడం న్యాయమా? ఇల్లు కారితే తడిసేది విద్యార్థి కాదు కదా. ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఉందని నేను అనుకోను. కానీ 30 ఏళ్లకు పైగా ఒకే చోట ఉండటం ఒక జవాబే. కట్టిన ఇంటి ముందు నుంచే రోజూ నడవాల్సి వస్తే తప్పు దాచుకోలేం.

మళ్లీ మా అవ్వ దగ్గరికి

మా మామ ఊళ్లో పాత పెంకుటిల్లు పడగొట్టి మిద్దె కడుతున్నాడు. మేస్త్రి ఒక్కరోజులో ప్లాన్ గీసిచ్చాడు. అందులో తిన్నె లేదు. అవ్వ ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అత్త చెప్పింది. ఆ తిన్నె మీదే అవ్వ 50 ఏళ్లుగా ఎండాకాలం పడుకుంటోంది.

పొంగల్‌కు వెళ్లినప్పుడు అక్కా నేనూ మామను బతిమాలి, మేస్త్రిని పిలిపించి, ఖాళీ జాగాలో ముగ్గుపిండితో ఆ ప్లాన్‌ను అసలు కొలతల్లోనే వేశాం. అందరినీ అందులో నడవమన్నాం. అప్పుడు మాటలొచ్చాయి. "గిన్నెలు తోమేది ఏడ?" అంది అత్త. ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మెట్లు జరిపితే స్తంభం కుదరదని మేస్త్రి అన్నాడు, ఎందుకో ఓపిగ్గా చెప్పాడు కూడా. కారు పెట్టే చోటు తగ్గదని మామ పట్టుబట్టాడు. చివరకు వంటింటి వెనక తోమే గట్టు వచ్చింది, ముందు ఒక పక్క నాలుగడుగుల తిన్నె వచ్చింది. అవ్వ దాని మీద ముగ్గు గీతల మధ్యే కూర్చుని చూసింది. "కూర్చోను చాలు, పండుకోను చాలదు" అంది.

ఇప్పుడు మన సంగతి. పోయిన టర్మ్ జట్టు అసైన్‌మెంటులో ఇద్దరు రాశారు, నలుగురు సంతకం పెట్టారు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. ఈసారి మన జట్టుకు ఇచ్చిన పని ఇంటి భాగాల పేర్లు సేకరించడం: అరుగు, తిన్నె, పంచ, చూరు, దూలం, గడప. నిఘంటువు చూసి రాసేస్తే ఒక పూటలో అయిపోతుంది, మా అక్క మగ్గం కొలతల్లాగా. అలా వద్దు. ఆరుగురం ఆరు ఇళ్లకు వెళ్దాం, ఒకరు తెచ్చిన మాటలను ఇంకొకరు సరిచూద్దాం. మొదటి ఇల్లు మా అవ్వది. పెంకుటిల్లు పడగొట్టేది వచ్చే నెలలో, కాబట్టి త్వరగా రండి.